టోకెన్ల జాబితా తీయడం కూడా నేర్పించండి

గౌరవనీయ సంపాదకులకు నమస్కారములు.

తిరుపతిలోనూ చిత్తూరులోనూ చిన్న వ్యాపార సంస్థలు సైతం తమ లెక్కలను, ఖాతాదారుల వివరాలను, రోజువారీ బ్యాకప్‌లను క్లౌడ్‌లో, అంటే ఇంటర్నెట్ ద్వారా అద్దెకు దొరికే కంప్యూటర్లలో, దాచుకోవడం ఇప్పుడు మామూలైంది. లాడ్జీలు, ట్రావెల్స్ కార్యాలయాలు, రక్తపరీక్షా కేంద్రాలు, మామిడి గుజ్జు పరిశ్రమలు ఇందుకు అలవాటుపడ్డాయి. వాటికి సాఫ్ట్‌వేర్ సమకూర్చే చిన్న కంపెనీలు కూడా మన ఊళ్లలోనే వెలిశాయి. అలాంటి కొన్ని సంస్థలకు క్లౌడ్ నిర్వహణలో సాయపడుతూ, ఇంజినీరింగ్ విద్యార్థులకు ఆ పని నేర్పుతూ ఉన్న నేను ఒక లోటును మీ పత్రిక ద్వారా అందరి దృష్టికీ తేవాలనుకుంటున్నాను. క్లౌడ్‌లోకి ప్రవేశం ఇచ్చే టోకెన్‌ను ఎలా సృష్టించాలో మన శిక్షణ తరగతుల్లో మొదటి వారంలోనే చెబుతున్నారు. ఇదివరకే సృష్టించిన టోకెన్ల జాబితాను తీసి, ఏది ఎందుకోసం పుట్టిందో, ఇంకా అవసరమో కాదో తేల్చుకోవడం మాత్రం నేను చూసిన ఏ తరగతిలోనూ చెప్పడం లేదు.

మన ప్రాంతంలో నేను ఎక్కువగా చూస్తున్నది ఒరాకిల్ క్లౌడ్ కాబట్టి దాని గురించే మాట్లాడతాను. 2020లో ఒరాకిల్ హైదరాబాద్ రీజియన్ (అక్కడి డేటా కేంద్రం) మొదలయ్యాక, ఉచితంగా ఇచ్చే చిన్న సర్వర్ల ఆకర్షణ కూడా తోడై, ఇక్కడి విద్యార్థులు, చిన్న కంపెనీలు దానివైపు మొగ్గాయి. ఆ క్లౌడ్‌లో ‘ఆథ్ టోకెన్’ అనేది ఒరాకిల్ తానే తయారుచేసి ఇచ్చే అక్షరాల వరుస. మనకు నచ్చిన పదాన్ని టోకెన్‌గా పెట్టుకోవడం కుదరదు. ఒరాకిల్ సొంత సంతకం పద్ధతిని అర్థం చేసుకోలేని బయటి పనిముట్లు ఆ క్లౌడ్‌లోకి రావాలంటే పాస్‌వర్డ్ అడిగిన చోట ఈ టోకెన్‌ను ఇస్తాయి. డాకర్ ఇమేజ్‌లను (నడపడానికి సిద్ధంగా కట్టిన సాఫ్ట్‌వేర్ మూటలను) వాటిని దాచే ఒరాకిల్ రిజిస్ట్రీకి పంపేటప్పుడు లాగిన్‌లో ఇచ్చేది ఇదే. డేటాబేస్‌లోని వివరాలను ఆబ్జెక్ట్ స్టోరేజ్ బకెట్‌కు (క్లౌడ్‌లో ఫైళ్లు దాచే చోటుకు) చేరవేసే స్క్రిప్టులలో, అంటే తమంతట తాము నడిచే చిన్న ప్రోగ్రాములలో కూడా చాలాచోట్ల ఇదే ఉంటుంది. వెనుకటి రోజుల్లో దీన్ని స్విఫ్ట్ పాస్‌వర్డ్ అనేవారు.

ఒక యూజర్ పేరు మీద ఏకకాలంలో రెండు ఆథ్ టోకెన్లకు మించి ఉండవు. సృష్టించిన క్షణంలో తెర మీద ఒక్కసారి కనిపించే ఆ అక్షరాల వరుసను అప్పుడే నకలు చేసుకోవాలి. కిటికీ మూసేశాక ఎవరు అడిగినా, ఎంత పెద్ద అధికారం ఉన్నా, ఒరాకిల్ దాన్ని మళ్లీ చూపదు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఈ టోకెన్‌కు దానంతట అది గడువు తీరదు. విష్ణు నివాసంలోనో శ్రీనివాసంలోనో భక్తులకు ఇచ్చే దర్శనం టోకెన్ మీద తేదీ, సమయం ఉంటాయి, ఆ వేళ దాటితే అది ఉత్త కాగితమే. ఆథ్ టోకెన్‌కు అలాంటి తేదీ ఏదీ లేదు. మూడేళ్ల కిందట ఒక కుర్రవాడు ప్రాజెక్టు కోసం సృష్టించి మరిచిపోయిన టోకెన్, ఎవరూ తొలగించకపోతే, ఈ రోజు కూడా తలుపు తీస్తుంది.

దీనికి విరుగుడు కష్టమైనదేమీ కాదు. కమాండ్ లైన్‌లో (ఆదేశాలను అక్షరాలుగా టైపు చేసే తెరలో) ‘ఓసీఐ ఐఏఎం ఆథ్-టోకెన్ లిస్ట్’ అని కొట్టి, ‘యూజర్-ఐడీ’ అన్నచోట ఆ యూజర్‌కు క్లౌడ్ ఇచ్చిన పొడవాటి గుర్తింపు సంఖ్యను చేర్చితే, ఆ యూజర్ పేరు మీద ఉన్న టోకెన్ల వివరాలు వస్తాయి. కంప్యూటర్‌లో ఏమీ ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు. బ్రౌజర్‌లో ఒరాకిల్ క్లౌడ్ నిర్వహణ పేజీ అయిన కన్సోల్ తెరిచి, పైన కనిపించే క్లౌడ్ షెల్ బొమ్మ నొక్కితే ఈ పనిముట్టు అక్కడ సిద్ధంగా ఉంటుంది. ఎవరి టోకెన్ల జాబితాను వారు చూసుకోవచ్చు. అందరివీ చూడాలంటే నిర్వాహక అధికారం ఉన్నవారు ముందుగా ‘ఓసీఐ ఐఏఎం యూజర్ లిస్ట్’తో యూజర్లందరినీ రప్పించి, ఒక్కొక్కరికీ ఈ కమాండ్‌ను నడపాలి. ఇరవై మంది యూజర్లున్న సంస్థలో ఇది అరగంట పని. చిన్న స్క్రిప్టు రాసుకుంటే అదీ పట్టదు.

కష్టమంతా ఆ జాబితాను చదవడంలోనే ఉంది. చదవడం తెలియక జరిగే నష్టాన్ని చెప్పడానికే నేను ఈ ఉత్తరం రాస్తున్నాను కనుక దీన్ని కొంచెం వివరంగా చెప్పనివ్వండి.

జాబితాలో ప్రతి టోకెన్‌కూ ఒక గుర్తింపు సంఖ్య, సృష్టించినప్పుడు రాసిన వివరణ, సృష్టించిన సమయం, ప్రస్తుత స్థితి కనిపిస్తాయి. ‘టోకెన్’ అనే గడి ఎదురుగా మాత్రం ‘నల్’, అంటే ఏమీ లేదు, అని ఉంటుంది. రహస్యాన్ని మళ్లీ చూపకపోవడం భద్రత కోసం పెట్టిన నియమమే కాబట్టి ఆ గడి ఖాళీగా ఉండటమే సరైనది. కొత్తగా చూసేవారు ఇది తెలియక, టోకెన్ పాడైపోయిందనో, లోపల ఏమీ లేదనో అనుకుంటారు. గడువు గడి ఎదుట కూడా ‘నల్’ అనే ఉంటుంది. దానికి అర్థం గడువు లేదని, అంటే ఆ టోకెన్ ఎల్లకాలం పనిచేస్తుందని. ఒకే మాట పక్కపక్క గడుల్లో ఒకచోట మేలును, మరొకచోట ప్రమాదాన్ని సూచిస్తున్నదని గురువు పక్కన కూర్చోబెట్టి చెబితే తప్ప విద్యార్థికి తట్టదు.

సమయం విషయంలోనూ ఒక మెలిక ఉంది. జాబితాలో చూపేది మన సమయం కాదు, దానికి అయిదున్నర గంటలు వెనుక ఉండే అంతర్జాతీయ ప్రామాణిక సమయం. కాబట్టి తెల్లవారుజామున మూడింటికి మనవాళ్లు సృష్టించిన టోకెన్ జాబితాలో ముందురోజు తేదీతో కనిపిస్తుంది. ఆ రోజు సెలవులో ఉన్న ఉద్యోగి మీద అనుమానం రావడానికి ఈ చిన్న తేడా చాలు.

జాబితాలో చివరిసారి వాడిన తేదీ ఉండదు. అమెజాన్ క్లౌడ్‌లో ఇలాంటి పని చేసే యాక్సెస్ కీల జాబితా తీసిన తరువాత, ఫలానా కీని చివరిసారి ఎప్పుడు వాడారో చెప్పే వేరే కమాండ్ ఉంది. పైగా అక్కడ కీని తొలగించే ముందు తాత్కాలికంగా నిలిపి, ఏదైనా పని ఆగుతుందేమో చూడవచ్చు. ఒరాకిల్ ఆథ్ టోకెన్ విషయంలో ‘అప్‌డేట్’ కమాండ్‌తో మార్చగలిగేది వివరణ ఒక్కటే. తొలగిస్తే తొలగించినట్టే. ఎవరు ఎప్పుడు టోకెన్ సృష్టించారో, క్లౌడ్‌లో జరిగిన పనులను నమోదుచేసే ఆడిట్ చిట్టాలో వెతకవచ్చు కానీ ఆ చిట్టా 365 రోజులే నిలువ ఉంటుంది. అంతకన్నా పాత టోకెన్ గురించి మనకు మిగిలే ఏకైక సాక్ష్యం, దాన్ని సృష్టించినవారు ఆనాడు వివరణ గడిలో రాసిన నాలుగు మాటలు. ఆ గడిని నింపకుండా టోకెన్ సృష్టించడం కుదరదు, నిజమే. అందులో ఏం రాయాలో మాత్రం ఏ కంప్యూటరూ పట్టించుకోదు.

చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు పరిశ్రమలో జరిగినది ఇక్కడ చెప్పాలి. దామలచెరువు ర్యాంపుల (మామిడి కొనుగోలు కేంద్రాల) నుంచి, తోటల నుంచి వచ్చే తోతాపురి లారీల తూకం వివరాలు ఆ పరిశ్రమలో ప్రతి రాత్రీ డేటాబేస్ నుంచి బకెట్‌కు చేరేవి. రైతుల చెల్లింపుల లెక్క వాటి ఆధారంగానే వేరే చోట తయారయ్యేది. ఆ ఏర్పాటు చేసిన యువకుడు మంచి ఉద్యోగం దొరికి బెంగళూరు వెళ్లిపోయాడు. అక్కడ అందరూ ఒకే యూజర్‌ను వాడేవారు, ఆ యూజర్ మీద రెండు టోకెన్లు ఉండేవి, వాటి వివరణలు ‘టెస్ట్’ అనీ ‘టెస్ట్2’ అనీ ఉండేవి. సీజన్ మధ్యలో కొత్తగా చేరిన అమ్మాయి, వేరే పనికి టోకెన్ కావలసివచ్చి, సృష్టించబోతే పరిమితి దాటిందని క్లౌడ్ తిరస్కరించింది. ఆమె జాబితా తీసింది. రెండింటి ఎదుటా ‘నల్’ కనిపించింది. పేరు చూస్తే రెండూ పరీక్ష కోసం చేసినవే. పాతదాన్ని తొలగించింది. ఆ రాత్రి నుంచి తూకం వివరాలు బకెట్‌కు చేరడం ఆగిపోయింది. స్క్రిప్టు విఫలమైనట్టు ఎవరికీ సందేశం వెళ్లే ఏర్పాటు లేదు కాబట్టి, డబ్బు కోసం రైతులు గేటు దగ్గరకు వచ్చి అడిగేదాకా ఎవరికీ తెలియలేదు.

ఆ అమ్మాయిని అందరూ తప్పుపట్టారు. నేను ఆమెను తప్పుపట్టలేను. ఆమె చేతికి వచ్చిన జాబితాలో ఆ టోకెన్ మీద రైతుల చెల్లింపు ఆధారపడి ఉందని చెప్పే అక్షరం ఒక్కటీ లేదు. వివరణ గడిలో ‘తూకం డేటా, రాత్రి బ్యాకప్, ఫలానా సర్వర్, సృష్టించినవారు ఫలానా’ అని రాసి ఉంటే ఆమె దాని జోలికే వెళ్లేది కాదు. ‘టెస్ట్’ అని రాసి వెళ్లిపోయిన యువకుడికైనా అలా రాయకూడదని నేర్పిన వారెవరు?

వాడకంలో ఉన్నదాన్ని తొలగించడం ఒక నష్టమైతే, వాడకంలో లేదనుకున్నదాన్ని వదిలేయడం అంతకన్నా పెద్ద నష్టం. ప్రపంచంలో పేరున్న భద్రతా సంస్థలకు కూడా ఇది తప్పలేదు. 2023 అక్టోబరులో, సంస్థల ఉద్యోగుల లాగిన్‌లను నిర్వహించే ఆక్టా అనే సంస్థ వ్యవస్థలోకి చొరబాటు జరిగినప్పుడు, దాని ఖాతాదారైన, వెబ్‌సైట్లకు రక్షణ కల్పించే క్లౌడ్‌ఫ్లేర్ అనే సంస్థకు చెందిన ఒక సర్వీస్ టోకెన్, మూడు సర్వీస్ ఖాతాల (మనుషులు కాక ప్రోగ్రాములు వాడే ఖాతాల) వివరాలు దుండగుల చేతికి చిక్కాయి. క్లౌడ్‌ఫ్లేర్ ఆ నాలుగింటినీ మార్చలేదు. కారణం ఆ సంస్థే 2024 ఫిబ్రవరిలో బహిరంగంగా చెప్పుకుంది: అవి ఎవరూ వాడటం లేదని పొరబడ్డారు. నవంబరులో దుండగులు ఆ నాలుగింటితోనే లోపలికి వచ్చి, సంస్థ అంతర్గత పత్రాలను, సోర్స్ కోడ్‌లో కొంత భాగాన్ని చూశారు. ఆ తరువాత ఆ సంస్థ సుమారు అయిదు వేల రహస్యాలను మార్చుకోవలసి వచ్చింది. ఎవరూ వాడని తాళంచెవి తలుపు తీయదని అంత అనుభవం ఉన్నవారే భ్రమపడితే, ఇద్దరు ముగ్గురు ఉద్యోగులతో నడిచే మన ఊరి కంపెనీలు ఎంత జాగ్రత్తగా ఉండాలో ఆలోచించమని కోరుతున్నాను.

మన ఊరికి ఇది మరీ ముఖ్యం. తిరుపతికి రోజూ దేశం నలుమూలల నుంచి వచ్చే యాత్రికులు లాడ్జీలలో దిగేటప్పుడు ఆధార్ నకలు ఇస్తారు. ఆ నకళ్లు ఇప్పుడు చాలాచోట్ల ఫైలు కట్టల్లో కాకుండా ఏదో ఒక బకెట్‌లో ఉంటున్నాయి. ఆ బకెట్‌కు దారి ఇచ్చే టోకెన్ ఎవరి పాత ల్యాప్‌టాప్‌లో మిగిలి ఉందో లాడ్జి యజమానికి తెలియదు, యాత్రికుడికి అంతకన్నా తెలియదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, తగిన భద్రతా చర్యలు తీసుకోనందుకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానాకు వీలు కల్పించింది. సైబర్ ఘటన జరిగినట్టు తెలిసిన ఆరు గంటల్లో తనకు సమాచారం ఇవ్వాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశించింది. ఎన్ని టోకెన్లు ఉన్నాయో, ఎవరి దగ్గర ఉన్నాయో ముందే రాసిపెట్టుకోని సంస్థ ఆ ఆరు గంటల్లో ఏమని చెప్పగలదు? జరిమానా సంగతి అలా ఉంచినా, మనల్ని నమ్మి గుర్తింపు పత్రం చేతికిచ్చిన మనిషి పట్ల మనకు బాధ్యత ఉంది.

సంస్థలు వెంటనే చేయదగినవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. అందరూ ఒకే యూజర్‌తో పనిచేసే అలవాటు మానాలి. ఉద్యోగి వెళ్లిపోయినా ఆ యూజర్‌ను తొలగించలేని పరిస్థితి దానివల్లనే వస్తున్నది, ఆ ఉద్యోగి చేసిన టోకెన్లు దాని నీడలోనే బతుకుతున్నాయి. రెండు టోకెన్ల పరిమితిలో రెండవ స్థానాన్ని ఎప్పుడూ ఖాళీగా ఉంచుకోవాలని కూడా నా మనవి. ఆ స్థానం ఖాళీగా ఉంటేనే కొత్త టోకెన్ సృష్టించి, స్క్రిప్టులో మార్చి, రాత్రి పని సవ్యంగా జరిగిందని చూసుకుని, ఆ తరువాత పాతదాన్ని తీసేయడానికి వీలవుతుంది. రెండూ నిండిపోతే మార్చే ప్రతిసారీ ముందు ఒకదాన్ని తెంపుకోవలసివస్తుంది, గుజ్జు పరిశ్రమలో జరిగినట్టే. ఒరాకిల్ క్లౌడ్ కోసం సెంటర్ ఫర్ ఇంటర్నెట్ సెక్యూరిటీ అనే భద్రతా ప్రమాణాల సంస్థ ప్రచురించిన ప్రమాణాలలో ఆథ్ టోకెన్లను 90 రోజులకు మించి ఉంచకుండా మార్చాలని ఉంది. మూడు నెలలకొకసారి జాబితా తీసే అలవాటు ఉన్న చోట ఇది భారం కాదు.

జాబితాలో కనిపించే ప్రతి టోకెన్‌ను చూసి, అసలు ఇది ఉండాలా అని కూడా అడగాలి. ఒరాకిల్ తానే నిర్వహించే ఆటానమస్ డేటాబేస్ నుంచి బకెట్‌కు వెళ్లే పనులకు రిసోర్స్ ప్రిన్సిపల్ అనే ఏర్పాటు ఉంది. దానితో డేటాబేస్ తన గుర్తింపుతోనే అనుమతి పొందుతుంది, ఎవరూ ఎక్కడా రహస్యం దాచనక్కర్లేదు. ఉన్నవాటిలో సగం టోకెన్లు ఇలా తీసేయవచ్చునని నా అభిప్రాయం. ఆథ్ టోకెన్లతోనే పని అయిపోదు కూడా. ఒక్కో యూజర్‌కు మూడు వరకు ఏపీఐ సంతకపు కీలు, రెండు వరకు కస్టమర్ సీక్రెట్ కీలు ఉండవచ్చు. అవీ క్లౌడ్‌లోకి ప్రవేశం ఇచ్చే తాళంచెవులే. వాటి జాబితాలకు వేరే కమాండ్లు ఉన్నాయి. ఒకటి చూసి మిగతావి మరిచిపోతే ముందు వాకిలికి తాళంవేసి పెరటి తలుపు వదిలేసినట్టే అవుతుంది.

వీటన్నిటికన్నా ముందు మార్పు రావలసింది మన శిక్షణ కేంద్రాలలో, కళాశాలల ప్రయోగశాలల్లో. మీ పత్రికలో వారం వారం క్లౌడ్ కోర్సుల ప్రకటనలు వస్తుంటాయి. ఆ తరగతులకు వచ్చేవారిలో పీలేరు, పుంగనూరు, పలమనేరు, శ్రీకాళహస్తి పల్లెల నుంచి బస్సుల్లో వచ్చే పిల్లలున్నారు. వాళ్లే రేపు ఎవరి లెక్కలకో, ఎవరి ఆధార్ నకళ్లకో కాపలా కాయబోతున్నారు. వాళ్లకు ‘క్రియేట్’ నేర్పిన గంటలోనే ‘లిస్ట్’, ‘డిలీట్’ నేర్పాలి. ప్రాక్టికల్ పరీక్షలో విద్యార్థి సృష్టించిన టోకెన్‌కు వివరణ సరిగా రాశాడా, పరీక్ష ముగిశాక దాన్ని తొలగించాడా, తొలగించినట్టు జాబితా తీసి చూపించాడా అన్నదానికి కూడా మార్కులుండాలి. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుల రికార్డులలో స్క్రిప్టుల మధ్య టోకెన్లను యథాతథంగా అచ్చువేసి బైండింగ్ చేయించడం నేను కళ్లారా చూశాను. ఆ రికార్డులు గ్రంథాలయాల అల్మారాల్లో ఎవరైనా తీసి చూడగలిగేలా ఉంటాయి, ఆ టోకెన్లకు గడువు ఉండదు. మార్గదర్శకులైన అధ్యాపకులు సంతకం పెట్టే ముందు ఆ పుటలను ఒక్కసారి తిరగేయాలని చేతులు జోడించి అడుగుతున్నాను.

ఇక సంస్థల యజమానులకు. మీకు కమాండ్ లైన్ తెలియనక్కర్లేదు. మీ క్లౌడ్ పనులు చూసేవారిని పిలిచి, మన సంస్థలో ఉన్న యూజర్లందరి టోకెన్ల జాబితా కాగితం మీద ఇవ్వమని అడగండి. జాబితాలో రహస్యం కనిపించదు కాబట్టి ఆ కాగితాన్ని మీ ఆడిటర్‌కు చూపించడానికి భయపడనక్కర్లేదు. ప్రతి వరుస పక్కనా ఇది దేనికోసం, ఎవరి బాధ్యత అని వారి చేతే రాయించండి. ఎవరూ రాయలేని వరుసను గుర్తుపెట్టి, అది ఏ సర్వర్‌లో ఉందో వెతికించి, కారణం దొరకకపోతే పని తక్కువగా ఉండే రోజు చూసి, మీ సాంకేతిక నిపుణులు కార్యాలయంలో ఉండగా తీయించండి. ఉద్యోగి మానేసేటప్పుడు ల్యాప్‌టాప్, గుర్తింపు కార్డు అప్పగించినట్టు సంతకం తీసుకునే కాగితంలో, ఆ వ్యక్తి చేతుల మీదుగా వచ్చిన టోకెన్లు ఏవి, వాటిని ఎవరికి అప్పగించారు, ఏవి తొలగించారు అనే మరో వరుసను ఈ నెల నుంచే చేర్పించండి.

ఇట్లు,
చిన్న సంస్థల క్లౌడ్ నిర్వహణలో పనిచేస్తున్న ఒక పాఠకుడు,
తిరుపతి.